పామెలా పట్టుకున్నది పాజిట్రానే, ప్రోటాన్ కాదు అని ఎలా తేల్చారు?

సిక్కోలు_అమ్మాయి అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం, మాది శ్రీకాకుళం దగ్గర పల్లెటూరు. వచ్చే నెల నా సెమినార్ ఉంది. కాస్మిక్ కిరణాలు, అంటే అంతరిక్షం నుంచి దూసుకొచ్చే కణాలు, అని టాపిక్ చెబితే మా మేడమ్ "అన్నీ చుట్టబెట్టకు, ఒక్క ప్రయోగం తీసుకుని దాని కడుపులోకి వెళ్ళు" అన్నారు. అందుకని కాస్మిక్ కిరణాల్లో యాంటీమ్యాటర్ కోసం వెతికిన పామెలా అనే డిటెక్టర్‌ని ఎంచుకున్నాను. 2006 జూన్ 15న బైకనూర్ నుంచి సోయుజ్ రాకెట్ మీద వెళ్ళింది. భూమిని ఫొటోలు తీసే రష్యా ఉపగ్రహం రెసుర్స్-డీకే1 ఉంది కదా, దాని పక్కన ఒక గాలి నింపిన డబ్బాలో దీన్ని అమర్చి పంపారు. ఇటలీ, రష్యా, జర్మనీ, స్వీడన్ వాళ్ళు కలిసి చేసింది, 470 కిలోల బరువు, మూడేళ్ళు పనిచేస్తే చాలనుకున్నది 2016 మొదటిదాకా డేటా పంపింది. ఇక్కడిదాకా స్లైడ్లు అయిపోయాయి.

ఆ తర్వాతే బండి ఆగిపోయింది. యాంటీమ్యాటర్ మామూలు పదార్థానికి తగిలితే రెండూ మాయమై శక్తి అయిపోతాయని ఇంటర్ నుంచీ చదువుతున్నాం. డిటెక్టర్ మొత్తం మామూలు పదార్థమే కదా, మరి పాజిట్రాన్, అంటే ఎలక్ట్రాన్‌కి యాంటీమ్యాటర్ జోడీ, పై పొరలోనే అయిపోకుండా కిందిదాకా ఎలా దిగింది? ఇంకోటి, పాజిట్రాన్‌కీ ప్రోటాన్‌కీ ఛార్జ్ ఒకటే, ప్లస్ వన్. అయస్కాంతంలో రెండూ ఒకే వైపు వంగుతాయి. కాస్మిక్ కిరణాల్లో ఎక్కువ భాగం ప్రోటాన్లే అంటున్నారు. ఆ గుంపులో పాజిట్రాన్‌ని ఎలా గుర్తుపట్టారు? చివర్లో "డార్క్ మ్యాటర్ దొరికినట్టేనా" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, కంటికి కనిపించకుండా గురుత్వాకర్షణ వల్లే ఉనికి తెలిసే ఆ పదార్థం గురించి ఏం చెప్పాలో కూడా తెలీడం లేదు. నాకు నిజంగా టెన్షన్‌గా ఉంది, ఎవరైనా ఓపిగ్గా చెప్పండి.

పాత_బ్లాక్‌బోర్డ్ జవాబు:

అమ్మా, మంచి ప్రశ్న అడిగావు. నేను ముప్పై ఏళ్ళు డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను, ఈ మొదటి సందేహం ఏటా ఎవరో ఒకరు అడిగేవాళ్ళు.

తగలగానే మాయమవుతాయి అన్నది సగం నిజం. పాజిట్రాన్, ఎలక్ట్రాన్ కలిసి అంతమవ్వాలంటే రెండూ కాసేపు దగ్గరగా ఉండాలి. నెమ్మదించిన పాజిట్రాన్ అయితే తప్పకుండా అంతే, ఏదో ఒక ఎలక్ట్రాన్‌తో కలిసి రెండు ఫోటాన్లుగా విడిపోతుంది, ఒక్కోటీ 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. కానీ కాంతి వేగానికి దగ్గరగా దూసుకుపోయేదానికి ఆ అవకాశం చాలా తక్కువ, వేగం పెరిగేకొద్దీ ఇంకా తగ్గిపోతుంది. మన పలాస దాటాక చిన్న హాల్టుల్లో మెయిల్ బండి ఆగదు చూడు, ప్లాట్‌ఫాం మీద ఎంతమంది ఉన్నా ఎక్కేది లేదు, దిగేది లేదు. అలాంటిదే.

దీనికి రుజువు పామెలా దాకా వెళ్ళకుండానే ఉంది. 1932 ఆగస్టులో కార్ల్ ఆండర్సన్ తీసిన ఆ ఫొటో నీ సెమినార్‌లో తప్పకుండా పెట్టు. అయస్కాంత క్షేత్రంలో ఉంచిన క్లౌడ్ చాంబర్ (కణం వెళ్ళిన దారి ఆవిరి గీతగా కనిపించే పెట్టె) మధ్యలో 6 మిల్లీమీటర్ల సీసం పలక పెట్టాడు. ఒక కణం 63 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో దాంట్లోకి దూరి, 23 మిలియన్లతో అవతలికి వచ్చింది. అదే మొట్టమొదట గుర్తించిన పాజిట్రాన్. సీసం పలకనే దాటి బయటికి వచ్చిందంటే, 300 మైక్రాన్ల సిలికాన్ పొర దానికి ఏపాటి?

ఆ పలక ఎందుకు పెట్టాడో కూడా పట్టుకో, అది నీ రెండో ప్రశ్నకి పనికొస్తుంది. వంపు చూసి ప్లస్సా మైనస్సా చెప్పాలంటే కణం పైనుంచి వచ్చిందా కింది నుంచి వచ్చిందా ముందు తెలియాలి. కింది నుంచి పైకి వెళ్ళే ఎలక్ట్రాన్, పై నుంచి కిందికి వచ్చే పాజిట్రాన్, ఫొటోలో రెండూ ఒకేలా వంగి కనిపిస్తాయి. పలక దాటాక శక్తి తగ్గి గీత ఎక్కువ వంగుతుంది, ఎటువైపు ఎక్కువ వంగిందో అటే వెళ్ళిందని లెక్క. ఆండర్సన్ ఫొటోలో ఆ కణం కింది నుంచి పైకి వెళ్ళింది!

ఒక మాట చెప్పాలనిపిస్తోంది. మా కాలేజీలో ఒకసారి చేపల తొట్టి బోర్లించి క్లౌడ్ చాంబర్ చేశాం. అడుగున నల్ల బట్ట, దాని కింద డ్రై ఐస్, పైన అంచు చుట్టూ ఆల్కహాల్‌లో తడిపిన ఫెల్ట్ గుడ్డ, పక్కనుంచి టార్చి లైటు. పావుగంట ఏమీ కనిపించలేదు, పిల్లలు విసుక్కున్నారు. తర్వాత ఒక్కసారిగా తెల్లటి నూలుపోగు లాంటి గీత, రెండు సెకన్లు నిలబడి మెల్లగా కిందికి జారి కరిగిపోయింది. తర్వాత ఇంకోటి. గది మొత్తం నిశ్శబ్దమైపోయింది. నీ అరచేతి లోంచి కూడా ప్రతి సెకనుకీ ఒకటో రెండో మ్యూయాన్లు (కాస్మిక్ కిరణాలు గాలిని ఢీకొంటే పుట్టే కణాలు) దూరిపోతున్నాయని ఎన్నిసార్లు బోర్డు మీద రాసినా రాని నమ్మకం ఆ గీత చూశాక వచ్చింది వాళ్ళకి.

సిలికాన్_పొర జవాబు:

మాస్టారు చెప్పిన దగ్గర్నుంచి నేను అందుకుంటాను. నేను జర్మనీలో సిలికాన్ స్ట్రిప్ డిటెక్టర్లు టెస్ట్ చేసే పనిలో ఉన్నాను. పామెలాలో నేను పనిచెయ్యలేదు, కానీ దాని లోపలి సరుకు రోజూ నా చేతిలో ఉండేదే. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, చెల్లీ, ఓపిక పట్టు.

పామెలాకి గుండెకాయ అయస్కాంతం. నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిపిన శాశ్వత అయస్కాంతం, పాత హార్డ్ డిస్క్ విప్పితే స్క్రూడ్రైవర్‌ని లాక్కునే చిన్న ముక్క ఉంటుందే, ఆ జాతిదే. మధ్యలో సందు 13 బై 16 సెంటీమీటర్లు, ఎత్తు 44.5 సెంటీమీటర్లు, లోపల సగటున 0.43 టెస్లా. దానికి కరెంటు అక్కర్లేదు, చల్లబరచక్కర్లేదు. మొత్తం పరికరానికి దొరికేది సుమారు 360 వాట్లు, మనింట్లో మిక్సీ తీసుకునే దాంట్లో సగం, కాబట్టి అది చిన్న విషయం కాదు. ఆ సందులో ఆరు సిలికాన్ పొరలు ఒకదాని కింద ఒకటి. కణం వెళ్ళిన చోటల్లా ఒక చుక్క. ఆరు చుక్కలు కలిపితే వంపు గీత.

ఆ వంపు ఎంతో ఊహించగలవా? నువ్వే లెక్క వేసుకో, 0.3 ఇంటూ బీ ఇంటూ ఎల్ స్క్వేర్, బై 8 పీ. బీ అంటే అయస్కాంత క్షేత్రం టెస్లాల్లో, ఎల్ అంటే ఆ ఎత్తు మీటర్లలో, పీ అంటే మొమెంటమ్ జీఈవీల్లో, ఒక జీఈవీ అంటే వంద కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు. 50 జీఈవీ కణానికి వేస్తే సరళరేఖ నుంచి గీత మధ్యలో ఎంత పక్కకి జరిగిందంటే సుమారు 64 మైక్రాన్లు. ఒక తలవెంట్రుక మందం. 10 జీఈవీకి 320 మైక్రాన్లు, హాయిగా కనిపిస్తుంది. 1000 జీఈవీకి పోతే 3 మైక్రాన్లు. పామెలా సిలికాన్ పొరలు వంపు దిశలో ఒక చుక్కని ఎంత ఖచ్చితంగా చెప్పగలవో తెలుసా, 3 మైక్రాన్లే. అంటే అక్కడికొచ్చేసరికి గీత కుడికి వంగిందా ఎడమకి వంగిందా అన్నది చెప్పలేం, ప్లస్సు మైనస్సు కలిసిపోతాయి. ఈ పరికరం హద్దు వెయ్యి జీఈవీ దగ్గర అని పేపర్లో రాసేది అందుకే, అది ఎక్కడి నుంచో ఊడిపడ్డ అంకె కాదు. ఆ హద్దుకి చాలా ముందే, అంటే 100 జీఈవీ దగ్గరే, 2009లో పాజిట్రాన్ ఫలితం ఆపారు.

(ఈ సిలికాన్ పొరలు ఎంత సున్నితమో చెప్పకుండా ఉండలేను. స్ట్రిప్పుల నుంచి చిప్‌కి 25 మైక్రాన్ల అల్యూమినియం తీగలు మైక్రోస్కోప్ కింద ఒక్కొక్కటీ అతికిస్తాం, దువ్వెన పళ్ళలా వరసగా. మొదటి ఏడాది ఒకసారి నా గ్లౌజు అంచు తగిలి ఒక వరస మొత్తం పడుకుంది, రెండు వారాల పని పోయింది, ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. ఇలాంటి తీగలతో నిండిన పరికరం రాకెట్ కుదుపులన్నీ తట్టుకుని, పైకెళ్ళాక ఎవరూ ముట్టుకునే వీలు లేకుండా తొమ్మిదేళ్ళకి పైగా పనిచేసిందంటే ఆ చేతులకి దణ్ణం పెట్టాలి.)

ఇప్పుడు పైకా కిందికా అన్న గొడవ. ఆండర్సన్ సీసం పలక చేసిన పని ఇక్కడ ప్లాస్టిక్ సింటిలేటర్లు, అంటే కణం తగిలితే వెలిగే పలకలు, చేస్తాయి. పైన ఒకటి, అడుగున ఒకటి, మధ్య దూరం 77 సెంటీమీటర్లు. కాంతి వేగంతో వచ్చిన కణానికి ఆ దూరం 2.6 నానోసెకన్లు. పైనుంచి వస్తే పై పలక ముందు వెలుగుతుంది, కింది నుంచి వస్తే కిందిది ముందు వెలుగుతుంది, రెండిటికీ తేడా 5 నానోసెకన్ల పైన. గడియారం 0.3 నానోసెకన్ల వరకూ చెప్పగలదు, కాబట్టి పొరపాటు పడటానికి ఆస్కారం దాదాపు లేదు. ఇది ఎందుకంత ముఖ్యమంటే, వాతావరణంలో పుట్టి తిరిగి పైకి ఎగిరొచ్చే కణాలు ఉంటాయి. పైకి వెళ్ళే మామూలు ప్రోటాన్ వంపు, కిందికి వచ్చే యాంటీప్రోటాన్ (ప్రోటాన్‌కి యాంటీమ్యాటర్ జోడీ) వంపులాగే ఉంటుంది. దిశ తెలియకపోతే రోజూ యాంటీమ్యాటర్ దొరికినట్టే కనిపిస్తుంది.

ఇక నీ అసలు ప్రశ్న, ప్రోటాన్ వేషం. 1 జీఈవీ దగ్గర పాజిట్రాన్ ఒకటుంటే ప్రోటాన్లు వెయ్యి. 100 జీఈవీకి వెళ్ళేసరికి ఒకటికి పదివేలు. అంటే ప్రతి పదివేల ప్రోటాన్లలో ఒక్కదాన్ని నువ్వు పొరపాటున పాజిట్రాన్ అనుకున్నా, నీ పాజిట్రాన్ల లెక్క రెట్టింపైపోతుంది. ఈ ఒక్క వాక్యం బోర్డు మీద రాసి ఒక నిమిషం ఆగు, మిగతా పరికరం ఎందుకుందో అందరికీ అదే అర్థమవుతుంది.

ఆ వేరుచేసే పని, కణం శక్తిని కొలిచే కెలోరిమీటర్‌ది. 22 టంగ్‌స్టన్ పలకలు, ఒక్కోటీ 2.6 మిల్లీమీటర్లు, వాటి మధ్య 44 సిలికాన్ పొరలు. పాజిట్రాన్ టంగ్‌స్టన్‌లో పడగానే మొదటి కొన్ని పలకల్లోనే ఫోటాన్లు, వాటి నుంచి ఎలక్ట్రాన్ జంటలు, మళ్ళీ ఫోటాన్లు, ఇలా ఒక జల్లు మొదలవుతుంది, సన్నగా, చిక్కగా, గీత చుట్టూనే. తన శక్తి దాదాపు మొత్తం అక్కడే వదిలేస్తుంది. ప్రోటాన్ అలా కాదు. సగానికి పైగా ప్రోటాన్లు ఒక్క గీత గీసి అవతలికి దాటిపోతాయి. మిగతావి ఏ పలకలో పడితే ఆ పలకలో ఒక కేంద్రకాన్ని ఢీకొని చెల్లాచెదురుగా చిమ్ముతాయి, అడుగున ఉన్న న్యూట్రాన్ డిటెక్టర్‌లో ఎక్కువ న్యూట్రాన్లు పడతాయి. ఇంకో పరీక్ష కూడా ఉంది, అయస్కాంతం చెప్పిన మొమెంటమ్, కెలోరిమీటర్ చెప్పిన శక్తి ఒకదానితో ఒకటి సరిపోవాలి. పాజిట్రాన్‌కి సరిపోతాయి, ప్రోటాన్‌కి కెలోరిమీటర్‌లో తక్కువ పడుతుంది. ఇవన్నీ కలిపితే లక్ష ప్రోటాన్లకి ఒకటి జారిపోతుందేమో అన్న స్థాయికి వస్తారు.

అయినా కొన్ని మొండివి ఉంటాయి. ప్రోటాన్ మొదటి పలకలోనే ఢీకొని, తన శక్తిలో ఎక్కువ భాగం తటస్థ పయాన్ అనే క్షణకాలం బతికే కణానికి ఇచ్చేస్తే, అది వెంటనే రెండు ఫోటాన్లయి, అచ్చం పాజిట్రాన్ జల్లులాగే కనిపిస్తుంది. దీన్ని వాళ్ళు కంప్యూటర్ సిమ్యులేషన్ మీద భారం వెయ్యలేదు, నాకు బాగా నచ్చింది అదే. పై రెండు టంగ్‌స్టన్ పలకల్లో జల్లు మొదలవ్వని ప్రోటాన్లని నిజమైన డేటాలోంచే ఏరి, అవి కింది 20 పలకల్లో ఎలా ప్రవర్తిస్తాయో కొలిచి, ఆ నమూనాతో ఎంత కల్తీ ఉందో లెక్కగట్టారు.

సిక్కోలు_అమ్మాయి:

అన్నా, మాస్టారూ, మీ ఇద్దరికీ చాలా థాంక్స్. వెంట్రుక మందం అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. రాత్రి కూర్చుని లెక్క నేనే వేశాను, 80 జీఈవీకి 40 మైక్రాన్లు వచ్చింది. ఇంకో చిన్న డౌటు. ఇదంతా బెలూన్‌లో పెట్టి పంపితే సరిపోదా? హైదరాబాద్‌లో టీఐఎఫ్ఆర్ (టాటా పరిశోధన సంస్థ) వాళ్ళ బెలూన్ కేంద్రం ఉందని విన్నాను.

ఈసీఐఎల్_వాడిని జవాబు:

ఉంది, మా ఈసీఐఎల్ దగ్గరే. చిన్నప్పుడు తెల్లవారుజామున డాబా మీద పడుకుంటే అప్పుడప్పుడు కనిపించేది, ముందు వేలాడే ఉల్లిపాయలా పొడుగ్గా, పైకి వెళ్ళేకొద్దీ ఉబ్బి, సూర్యుడు ఇంకా ఇక్కడ రాకముందే అక్కడ ఎండ పడి మెరిసేది. పేలోడ్ పారాచూట్‌తో పొలాల్లో దిగుతుంది, దొరికితే విప్పొద్దు, పోలీసులకి చెప్పండి అని పేపర్లో ప్రకటన వేస్తారు ఇప్పటికీ.

బెలూన్లతో చెయ్యకూడదని కాదు, పామెలా వాళ్ళు అక్కడి నుంచే వచ్చారు. 1994లో, 1998లో కాప్రిస్ అని ఎగరేసింది చాలావరకూ ఆ బృందమే. కానీ రెండు ఇబ్బందులు. మొదటిది గాలి. బెలూన్ 35, 40 కిలోమీటర్లు వెళ్ళినా దాని నెత్తి మీద చదరపు సెంటీమీటరుకి 3 నుంచి 5 గ్రాముల గాలి మిగిలే ఉంటుంది. అంతేనా అనిపిస్తుంది కదా. ఒక కాస్మిక్ కిరణం గెలాక్సీలో లక్షల సంవత్సరాలు తిరిగి వచ్చినా దారిలో దాటే మొత్తం పదార్థం కూడా ఇంచుమించు అంతే, చదరపు సెంటీమీటరుకి 5, 10 గ్రాములు! కాబట్టి గెలాక్సీ అంతా కలిసి ఎన్ని యాంటీప్రోటాన్లు పుట్టించిందో, నీ నెత్తి మీది ఆ పలచటి గాలి కూడా దాదాపు అదే మోతాదులో పుట్టిస్తుంది. ఏది ఎక్కడిదో తీసేయడం నరకం. పైగా బెలూన్ ఒకటి రెండు రోజులు, ఎక్కువైతే కొన్ని వారాలు. ఉపగ్రహం ఏళ్ళ తరబడి.

రెండోది మనం ఉన్న చోటు. భూమి అయస్కాంత క్షేత్రం మన దగ్గర గోడలా అడ్డం ఉంటుంది, 15 జీఈవీకి పైన ఉన్న ప్రోటాన్లే నిట్టనిలువుగా హైదరాబాద్ మీదకి రాగలవు. తక్కువ శక్తివి చూడాలంటే ధ్రువాల వైపు పోవాలి. పామెలా కక్ష్య 70 డిగ్రీల వంపులో ఉంది కాబట్టి ప్రతి చుట్టులోనూ భూమధ్యరేఖ దగ్గర నుంచి ధ్రువాల దగ్గరిదాకా పోయి వచ్చేది. ఆ తేడా దానికి వరమైంది, 2006 డిసెంబర్ 13న సూర్యుడి మీద పెద్ద విస్ఫోటం జరిగినప్పుడు ఆ కణాలని కూడా కొలిచింది.

రాత్రి_ఆకాశం జవాబు:

డార్క్ మ్యాటర్ ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. నా ఉద్దేశం, సెమినార్‌లో అదే ముందు పెట్టు, జనం లేచి కూర్చుంటారు. 2009 ఏప్రిల్‌లో నేచర్ పత్రికలో వచ్చింది, ఎలక్ట్రాన్లు 1,51,672, పాజిట్రాన్లు 9,430. ఈ రెండూ కలిపిన మొత్తంలో పాజిట్రాన్ల వాటా, శక్తి పెరిగేకొద్దీ తగ్గాలని లెక్కలు చెబుతుంటే, 10 జీఈవీ దాటాక పెరగడం మొదలుపెట్టింది, 5 శాతం దగ్గరున్నది 100 జీఈవీకి వచ్చేసరికి 10 శాతం దాటింది. డార్క్ మ్యాటర్ కణాలు ఒకదాన్నొకటి అంతం చేసుకుంటే సరిగ్గా ఇలాగే కదా కనిపించాలి? అంతకుముందు ఏడాది స్టాక్‌హోమ్ సదస్సులో తెర మీద ఆ గ్రాఫ్ చూపిస్తుంటే కొందరు ఫొటో తీసుకుని, ఆ చుక్కల విలువలు చదివి, అసలు పేపర్ రాకముందే తమ పేపర్లు రాసేశారు. అంత ఆత్రం ఉన్న విషయం అది.

సిలికాన్_పొర జవాబు:

నేను ఒప్పుకోను, బ్రదర్. లేచి కూర్చుంటారు, నిజమే, కానీ ఆ అమ్మాయి అక్కడ నిలబడి జవాబు చెప్పాలి. అదే పరికరం, అదే ఏడాది, యాంటీప్రోటాన్లని కూడా 100 జీఈవీ దాకా కొలిచింది. అక్కడ ఊహించని పెరుగుదలేదీ లేదు, ఎక్కువ శక్తుల దగ్గర ప్రతి పదివేల ప్రోటాన్లకి ఒకటి రెండు చొప్పున, మామూలు కాస్మిక్ కిరణాలు నక్షత్రాల మధ్య వాయువుని ఢీకొంటే ఎన్ని రావాలో అన్నే. డార్క్ మ్యాటర్ అయితే పాజిట్రాన్లు మాత్రమే ఇచ్చి యాంటీప్రోటాన్లు ఎందుకివ్వదు? ఇవ్వని రకం నమూనాలు తయారు చేశారు, కానీ వాటికి అంతమయ్యే వేగం మామూలు అంచనాకి వంద నుంచి వెయ్యి రెట్లు పెంచాల్సి వచ్చింది. ఎదురుగా పల్సర్ ఉంది. వేగంగా తిరిగే న్యూట్రాన్ తార తన అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జంటలు పుట్టిస్తుందని ముందే తెలుసు, అది యాంటీప్రోటాన్లు పుట్టించదు. రెండు కొలతలకీ సరిపోయింది.

ఇంకో విషయం, ఎక్కువ శక్తి ఉన్న పాజిట్రాన్ గెలాక్సీలో దూరం ప్రయాణించలేదు, అయస్కాంత క్షేత్రాలకీ, చుట్టూ ఉన్న కాంతికీ శక్తి పోగొట్టుకుంటుంది. అంటే పుట్టిన చోటు మన పక్కనే ఉండాలి. 800 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న జెమింగా లాంటి పల్సర్లని అందుకే అనుమానిస్తారు.

పాత_బ్లాక్‌బోర్డ్ జవాబు:

ఇద్దరూ చెప్పినదాంట్లో కొంత కొంత మిగిలి ఉంది. 2017లో మెక్సికోలో ఒక అగ్నిపర్వతం వాలు మీద ఉన్న హాక్ అబ్జర్వేటరీ వాళ్ళు జెమింగా చుట్టూ గామా కిరణాల వెలుగు చూసి, అక్కడ పుట్టిన కణాలు అనుకున్నదానికంటే చాలా నెమ్మదిగా, దాదాపు వంద రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తున్నాయని చూపించారు. దారి పొడవునా అలాగే ఉంటే అవి మనదాకా చేరనే చేరవు. ఆ నెమ్మది పల్సర్ చుట్టుపక్కల మాత్రమే, తర్వాత మామూలే అని ఇంకొందరి వాదన. కాబట్టి అమ్మా, "దొరికింది" అనకు, "కాదు" అని కూడా తెగేసి చెప్పకు. పెరుగుదల మాత్రం ఖాయం. ఎందుకంటే దాన్ని వేరేవాళ్ళు వేరే పద్ధతుల్లో చూశారు. ఫెర్మి అనే అంతరిక్ష టెలిస్కోప్‌లో అయస్కాంతమే లేదు, వాళ్ళు భూమి అయస్కాంత క్షేత్రాన్నే వాడుకుని పాజిట్రాన్లని విడదీశారు. నాకు ఆ ఆలోచన ఎప్పుడు తలుచుకున్నా ఒళ్ళు పులకరిస్తుంది. తర్వాత ఏఎంఎస్-02, పామెలా లాంటిదే, ఇంకా పెద్ద డిటెక్టర్. 2011 మే 16న ఎండీవర్ షటిల్‌లో వెళ్ళి అంతరిక్ష కేంద్రానికి బిగించారు, శామ్యూల్ టింగ్ నాయకత్వం, ఏడున్నర టన్నులు, పామెలా దాని ముందు పిల్ల. దాని కూలింగ్ పంపులు పాడైతే 2019 నవంబర్ నుంచి 2020 జనవరి దాకా వ్యోమగాములు నాలుగుసార్లు బయటికి వెళ్ళి, గొట్టాలు కోసి, కొత్త పంపులు బిగించారు. 2019లో వాళ్ళు 19 లక్షల పాజిట్రాన్లతో చూపించింది ఏమిటంటే, ఆ పెరుగుదల 280 జీఈవీ దాటాక ఆగి, పాజిట్రాన్లు గట్టిగా తగ్గిపోతున్నాయి. ఆ పడిపోవడం పల్సర్ వల్లా, డార్క్ మ్యాటర్ కణం బరువు వల్లా అన్నదే ఇప్పుడు మిగిలిన తగువు.

ఈసీఐఎల్_వాడిని జవాబు:

ఒక్కటి మర్చిపోకు, సిక్కోలు. నాకు పామెలాలో అన్నిటికంటే ఇష్టమైంది 2011లో వచ్చిన చిన్న పేపర్. దక్షిణ అట్లాంటిక్ మీద భూమి రేడియేషన్ పట్టీ కిందికి వంగి ఉంటుంది, ఉపగ్రహం అందులోంచి వెళ్ళిన సమయాలన్నీ ఏరితే అక్కడ 28 యాంటీప్రోటాన్లు దొరికాయి. అవి గెలాక్సీ నుంచి వచ్చినవి కావు. కాస్మిక్ కిరణాలు మన వాతావరణాన్ని ఢీకొంటే యాంటీన్యూట్రాన్లు పుడతాయి, వాటికి ఛార్జ్ లేదు కాబట్టి అయస్కాంత క్షేత్రం ఆపలేదు, పైకి ఎగిరి అక్కడ విచ్ఛిన్నమై యాంటీప్రోటాన్లవుతాయి, ఇప్పుడు ఛార్జ్ వచ్చింది కదా, అక్కడే చిక్కుకుని తిరుగుతుంటాయి. భూమి చుట్టూ యాంటీమ్యాటర్ పట్టీ ఒకటి ఉందన్నమాట, పలచగా. 850 రోజుల డేటాలో 28. అన్ని కోట్ల ప్రోటాన్లలో ఆ ఇరవై ఎనిమిదీ నిజమైనవే అని నిలబడి చెప్పగలిగారంటే, పైన అన్న చెప్పిన గడియారం, వంపు, జల్లు అన్నీ సరిగ్గా పనిచేశాయి కాబట్టే.

సిక్కోలు_అమ్మాయి:

మీ అందరి జవాబులూ ప్రింట్ తీసుకున్నాను. ఇవాళ ల్యాబ్‌లో స్క్రూ గేజ్ తీసి నా వెంట్రుక మందం కొలిచాను, మూడుసార్లు చూస్తే 0.07 మిల్లీమీటర్లు వచ్చింది. 50 జీఈవీ పాజిట్రాన్ వంపు 0.064. అది చూసి మా మేడమ్ కూడా వచ్చి ఆ స్కేల్ మీద తనే ఒకసారి చదివారు. సెమినార్‌లో ఆ స్క్రూ గేజ్ వెంట్రుకతో సహా మొదటి బెంచి నుంచి చేతులు మారేలా ఇస్తాను, అది వెనక్కి వచ్చేలోపు వంపు లెక్క బోర్డు మీద పూర్తి చేస్తాను. పదివేలకి ఒకటి అన్న వాక్యం తర్వాత రాస్తాను. డార్క్ మ్యాటర్ ఎవరైనా అడిగితేనే. ఒక్కటే అడుగుతాను, ఆండర్సన్ ఫొటో మొదట్లో పెట్టనా, గడియారం దగ్గర పెట్టనా?

పాత_బ్లాక్‌బోర్డ్ జవాబు:

గడియారం దగ్గర పెట్టు తల్లీ. ఫొటో తెర మీద వేసి, "ఈ కణం ఎటు వెళ్తోంది" అని వాళ్ళనే అడుగు. చాలామంది కిందికి అంటారు. సీసం పలకకి పైన గీత ఎలా ఉందో, కింద ఎలా ఉందో చూడమని చెప్పి ఊరుకో, వాళ్ళే దిద్దుకుంటారు. ఆ తర్వాత 5 నానోసెకన్ల మాట చెప్పు.